మస్కటీర్ల కథకి మాక్స్ లిండర్ పెట్టిన చక్కిలిగింత

అందరికీ నమస్తే. ముందు ఒక సీన్ చెప్తాను, ఆ తర్వాత సినిమా పేరు చెప్తాను.

హీరో ఒక్కడే. చుట్టూ గుండ్రంగా కార్డినల్ గారి, అంటే పెద్ద మతగురువు గారి, భటులు. అందరి చేతుల్లోనూ కత్తులు, అన్ని కత్తుల మొనలూ మధ్యలో ఉన్న మనవాడి వైపే. తప్పించుకోవడానికి సందు లేదు. భటులంతా ఒక్కసారిగా ముందుకు దూకి పొడుస్తారు. సరిగ్గా ఆ క్షణంలో మనవాడు కిందకి వంగుతాడు. అంతే. ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని కూలిపోతారు. హీరో ఎవరినీ కొట్టలేదు, ఎవరికీ దెబ్బ వేయలేదు. చేసిందల్లా సరైన టైముకి వంగడం.

ఈ సీన్ ఉన్న సినిమా 1922లో వచ్చింది. మూకీ. పేరు 'ద త్రీ మస్ట్-గెట్-దేర్స్'. తీసినవాడు, రాసినవాడు, హీరోగా వేసినవాడు ఒక్కడే, ఫ్రెంచ్ హాస్యనటుడు మాక్స్ లిండర్. అలెగ్జాండర్ డ్యూమా రాసిన 'త్రీ మస్కటీర్స్' నవల మీద తీసిన పేరడీ ఇది. గంటలోపే అయిపోతుంది.

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది "డ్యూమా సీరియస్‌గా రాసినదాన్ని లిండర్ కామెడీ చేశాడు" అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే నవల దగ్గరికి వెళ్లాలి.

డ్యూమా ఈ కథని 1844లో 'ల సియెక్ల్' అనే పారిస్ పత్రికలో సీరియల్‌గా రాశాడు. ఒగుస్త్ మాకే అనే సహ రచయిత కూడా ఉన్నాడు, ఆయన పేరు మాత్రం పుస్తకం మీద ఉండదు. కథ 1625 ఏప్రిల్‌లో మొదలవుతుంది. దార్తాన్యన్ అనే పల్లెటూరి కుర్రాడు, వయసు 18, రాజుగారి అంగరక్షకులైన మస్కటీర్ల దళంలో చేరాలని పారిస్ బయల్దేరతాడు. వాడి గుర్రం ఎలాంటిదో తెలుసా? పసుపు రంగు. ముసలిది. తోకకి వెంట్రుకలు లేవు. నడిచేటప్పుడు తల మోకాళ్ల కిందకి వేలాడుతుంది. డ్యూమా మొదటి పేజీల్లోనే ఈ కుర్రాణ్ణి 18 ఏళ్ల డాన్ కిహోటే అంటాడు, అదే, వీరుణ్ణనుకుని ముసలి గుర్రమెక్కి నవ్వులపాలయ్యే స్పానిష్ నవల హీరో. అంటే రచయితే తన హీరోని చూసి నవ్వుతున్నాడన్నమాట. దారిలో ఒక ఊళ్లో ఎవరో పెద్దమనిషి ఆ గుర్రాన్ని చూసి నవ్వాడని వీడు కత్తి దూస్తాడు. సత్రం వాళ్ల చేతిలో చావుదెబ్బలు తింటాడు. నాన్న రాసిచ్చిన సిఫారసు ఉత్తరం కాస్తా పోగొట్టుకుంటాడు.

పారిస్ చేరాక ఇంకా బాగుంటుంది. ఆ నవ్విన మనిషి కిటికీలోంచి కనిపించేసరికి వాణ్ణి పట్టుకుందామని మెట్ల మీద పరుగెత్తుతూ ఆతోస్‌ని గుద్దేస్తాడు. కథ పేరులోని ముగ్గురు మస్కటీర్లలో ఒకడు, మిగతా ఇద్దరు పోర్తోస్, అరామిస్. ఆతోస్ భుజానికి అప్పటికే గాయం. మధ్యాహ్నం 12 గంటలకి ద్వంద్వ యుద్ధం ఖాయం. అక్కడ్నుంచి పరుగెత్తి పోర్తోస్ పొడవాటి అంగీలో చుట్టుకుపోతాడు. లోపల ఇరుక్కుని చూస్తే పోర్తోస్ గొప్పగా చూపించుకుంటున్న బంగారు జరీ పట్టీ ముందు వైపే జరీ, వెనక వైపంతా ఉత్త తోలు! పరువు పోయింది కాబట్టి ఒంటిగంటకి రెండో యుద్ధం. తర్వాత అరామిస్ కాలి కింద ఉన్న జేబురుమాలు మర్యాద కోసం తీసిచ్చి, అది ఎవరో ఆడమనిషిదని అందరి ముందూ బయటపెడతాడు. రెండు గంటలకి మూడోది. వరసగా అపాయింట్‌మెంట్లు. తీరా 12 గంటలకి వెళ్తే ఆతోస్ తనకి సాక్షులుగా తెచ్చుకున్నది ఎవర్ననుకుంటున్నారు? పోర్తోస్‌నీ, అరామిస్‌నీ.

ఇది పేరడీ కాదండీ. అసలు నవలే ఇది. అంగీలో చుట్టుకుపోవడం కన్నా పెద్ద స్లాప్‌స్టిక్, అంటే గుద్దుకోవడాలూ పడిపోవడాల కామెడీ, ఏముంటుంది? డ్యూమా దీన్ని 180 ఏళ్ల కింద కాగితం మీదే చేసేశాడు. కాబట్టి నా లెక్కలో లిండర్ డ్యూమాని వెక్కిరించలేదు. వెక్కిరించింది ఇంకొకర్ని. అప్పటి హాలీవుడ్ స్టార్ హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌ని.

1921 ఆగస్టులో ఫెయిర్‌బ్యాంక్స్ హీరోగా 'ద త్రీ మస్కటీర్స్' వచ్చింది. ఫ్రెడ్ నిబ్లో దర్శకుడు. భారీ సెట్లు, భారీ పట్టుబట్టలు, భారీ గెంతులు. పెద్ద హిట్. ఒక చేతి మీద పల్టీ కొడుతూ రెండో చేత్తో కింద పడ్డ ఆయుధం అందుకునే ఫీటు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫెయిర్‌బ్యాంక్స్ ఆ పాత్ర కోసమే మీసం పెంచాడు, ఆ మీసం చివరిదాకా తీయలేదు. లిండర్‌కేమో సినిమాల్లోకి వచ్చిన కొత్తల్నుంచీ మీసమే గుర్తింపు.

ఇంకో సంగతి. ఇద్దరూ 1883లోనే పుట్టారు. అంటే 18 ఏళ్ల దార్తాన్యన్ వేషం వేసేనాటికి ఇద్దరికీ 38. మన సినిమాల్లో కాలేజీ స్టూడెంట్లని చూసి పెరిగినవాళ్లం కాబట్టి మనకి ఇదేం వింత కాదులెండి.

ఫెయిర్‌బ్యాంక్స్ సినిమాలో పసుపు గుర్రం ఉంది, నవ్వు కూడా ఉంది. కానీ ఆ నవ్వు హీరో నవ్వే నవ్వు. తల వెనక్కి వాల్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "నన్నెవడ్రా ఆపేది" అన్నట్టు నవ్వుతాడు. హీరోని చూసి మనం నవ్వే చోటు తక్కువ. దేవుడు ఆ శరీరాన్ని గెలవడానికే పుట్టించాడని మొదటి రీలులోనే అర్థమైపోతుంది. లిండర్ పట్టుకున్నది సరిగ్గా అక్కడే. హీరో ఒక్కడూ పదిమందిని ఎలా గెలుస్తాడు? ఫెయిర్‌బ్యాంక్స్ జవాబు, దుమ్ము లేపి గెలుస్తాడు. లిండర్ జవాబు, వంగితే చాలు. మొదట్లో చెప్పిన ఆ సీన్ మొత్తం ఈ ఒక్క జోకే. పదిమంది ఒకడి మీద పడితే లెక్క ప్రకారం ఏం జరగాలో అదే జరిగింది. మామూలు ఫైట్లలోనే అలా ఎందుకు జరగదా అని తర్వాత అనుమానం వస్తుంది. ఇప్పటికీ మాస్ సినిమాలో విలన్ మనుషులు క్యూ కట్టి ఒక్కొక్కరూ వచ్చి తన్నులు తినడం చూసినప్పుడు నాకు లిండరే గుర్తొస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది, లిండర్ చేతకానివాడిలా నటించడు. కత్తి పట్టు బాగుంటుంది, నిలబడే తీరు బాగుంటుంది, ఈకల టోపీ తీసి వందనం చేస్తే నిజంగా రాజుగారి కొలువులోవాడిలా ఉంటాడు. పేరడీ చేసేవాళ్లలో సగంమంది ఇక్కడే బోల్తా పడతారు. కర్ర పట్టుకోవడం రానివాడు కర్రసాము పేరడీ చేస్తే పేరడీ అవదు, కర్రసాము రాకపోవడం అవుతుంది. మన జరుక్ శాస్త్రి గారి పేరడీలు నిలబడింది కూడా అందుకే కదా. ఛందస్సు, నడక ఒరిజినల్ కవికి సమానంగా వచ్చినవాడే వెక్కిరించగలడు.

సినిమాలో ఇంకో రకం జోకు, కాలం కలపడం. కథ 17వ శతాబ్దం, రాజు పదమూడో లూయీ. ఉన్నట్టుండి టెలిఫోన్ వస్తుంది. మోటార్‌సైకిళ్లు వస్తాయి. తెర మీద ఒక్కడూ ఆశ్చర్యపోడు, అదే దీని కిటుకు. ఎవడైనా "ఇదేంటి?" అని అడిగితే జోకు చచ్చిపోతుంది. ఇలాంటి జోకులు ఇప్పుడు మనకి మామూలే, రోజుకి పది రీల్స్‌లో చూస్తాం. 1922లో ఒక పూర్తి నిడివి సినిమాలో ఇంత ధైర్యంగా వాడటం మాత్రం చిన్న విషయం కాదు.

పాత్రల పేర్లన్నీ మార్చేశాడు. ఆతోస్, పోర్తోస్, అరామిస్ కాస్తా వాల్రస్, ఆక్టోపస్, పోర్పస్ అయ్యారు. సముద్ర జంతువులు. దార్తాన్యన్ ఏమో డార్ట్-ఇన్-అగైన్. కార్డినల్ రిషెల్యూ, రిచీ-లూ. నిజం చెప్పాలంటే ఈ పేర్ల జోకులు మొదటిసారి నవ్విస్తాయి, రెండోసారికి నీరసం. పెద్దగా పట్టించుకోకండి.

కానీ రిషెల్యూ పాత్రకి ఎంచుకున్న మనిషిని మాత్రం పట్టించుకోవాలి. నవలలో కార్డినల్ అంటే ఫ్రాన్స్‌ని కళ్లతో నడిపించే మేధావి. ఫెయిర్‌బ్యాంక్స్ సినిమాలో నైజెల్ డి బ్రూలియర్ వేశాడు. బక్కపలచటి మనిషి, గంభీరమైన మొహం. ఆ పాత్రకి ఎంత సరిపోయాడంటే తర్వాత 1929, 1935, 1939 సినిమాల్లో కూడా మళ్లీ రిషెల్యూ వేషమే. లిండర్ ఆ పాత్రని బుల్ మోంటానాకి ఇచ్చాడు. ఇటలీలో పుట్టిన కుస్తీ వస్తాదు. నలిగిపోయిన చెవులు, దెబ్బలు తిన్న ముక్కు. తర్వాత 1925లో 'ద లాస్ట్ వరల్డ్'లో కోతిమనిషి వేషం వేసింది ఈయనే. ఆ మొహానికి మతగురువు అంగీ తొడిగి నిలబెడితే ఇక డైలాగు ఎందుకు? కుట్రలు పన్నుతున్నట్టు చూస్తుంటే ఎవణ్ణో ఎత్తి కుదేస్తాడేమో అనిపిస్తుంది.

దార్తాన్యన్ ప్రేమించే కాన్‌స్టన్స్ పాత్ర వేసిన అమ్మాయి జోబినా రాల్‌స్టన్. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. తర్వాత హారాల్డ్ లాయిడ్ పక్కన వరసగా హీరోయిన్‌గా చేసింది, 1927 నాటి 'వింగ్స్'లో కూడా ఉంది.

కథ సంగతికొస్తే, రాణిగారు తన నగ ఇంగ్లండ్ ప్రభువు బకింగ్‌హామ్‌కి ఇచ్చేస్తుంది. అది కార్డినల్‌కి తెలిసి, రాణి పరువు తీయాలని ఎత్తు వేస్తాడు. విందులో ఆ నగ పెట్టుకోవాలని రాజు అంటాడు. మనవాడు ఇంగ్లండ్ వెళ్లి తేవాలి. నవలలో ఇది సగం కథే. ఫెయిర్‌బ్యాంక్స్ అంతవరకే తీశాడు, లిండర్ కూడా ఆ దారే పట్టాడు. మధ్యలో కాస్త సాగుతుంది, దాచను. రాణి, రాజు సీన్లలో లిండర్ లేకపోతే తెర చప్పబడిపోతుంది. మిగతా ముగ్గురు మస్కటీర్లకి చేయడానికి పెద్దగా పని లేదు. సినిమా పేరులో ముగ్గురున్నా ఆట ఒక్కడిదే.

లిండర్ ఎవరో కూడా రెండు ముక్కలు. బోర్డో దగ్గర సెయింట్ లూబెస్‌లో పుట్టాడు. 1905 నుంచి పతే కంపెనీకి పొట్టి సినిమాలు చేశాడు. సిల్కు టోపీ, చేతికర్ర, నిగనిగలాడే బూట్లు, పెద్దింటి కుర్రాడి దర్జా. ఆ దర్జా చెడకుండా చిక్కుల్లో పడటమే ఆయన కామెడీ. చాప్లిన్ సినిమాల్లోకి రావడానికి చాలా ముందే ప్రపంచమంతా తెలిసిన నవ్వుల హీరో. ఆయన గురువనీ తను శిష్యుడననీ చాప్లిన్ స్వయంగా ఫొటో మీద రాసిచ్చాడు. విచిత్రమేమిటంటే చాప్లిన్ ఎస్సనే కంపెనీ వదిలి వెళ్లిపోయాక, ఆ ఖాళీ పూడ్చడానికి అమెరికా తీసుకొచ్చింది ఈ గురువునే. మూడు సినిమాలయ్యాక ఆ ఏర్పాటు ఆగిపోయింది. మళ్లీ అమెరికా వచ్చి సొంతంగా మూడు పెద్ద సినిమాలు తీశాడు. 'సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్', 'బీ మై వైఫ్', చివరిది ఈ మస్కటీర్ల పేరడీ. దీన్ని విడుదల చేసింది యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనుబంధ పంపిణీ సంస్థ. యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్థాపకుల్లో ఫెయిర్‌బ్యాంక్స్ ఒకడు! ఎవరిని ఆటపట్టించాడో వాళ్ల ఇంటి గడప మీంచే సినిమా బయటికొచ్చింది. ఇప్పుడు స్టార్ హీరో మీద మీమ్ వేస్తేనే గొడవలవుతున్నాయి, ఆ రోజులు వేరు.

1925లో లిండర్ జీవితం విషాదంగా ముగిసింది. అప్పటికి కూతురు మోద్ పసిపిల్ల. ఆ పిల్లే పెద్దయ్యాక నాన్న సినిమాలు వెతికి పోగేసింది. 1963లో ఈ మూడు అమెరికన్ సినిమాల భాగాలు కలిపి ఒక చిత్రం తయారుచేసింది. ఈ రోజు మనం లిండర్ గురించి మాట్లాడుకోగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఆవిడది.

తర్వాత మస్కటీర్ల మీద కామెడీలు చాలా వచ్చాయి. 1939లో రిట్జ్ బ్రదర్స్ చేశారు, 1942లో మెక్సికోలో కాంటిన్‌ఫ్లాస్ చేశాడు, 1974లో ఫ్రాన్స్‌లో షార్లో బృందం చేసింది. దేశానికొకటి. కథ అంత అనువుగా ఉంటుంది మరి. నలుగురు స్నేహితులు, ఒక విలన్, కత్తులు, బోలెడంత పరుగు.

సరే, చూడాలనుకునేవాళ్లకి. రెండు సినిమాలకీ అమెరికాలో కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతాయి. ముందు ఫెయిర్‌బ్యాంక్స్‌ది చూడండి. మొత్తం చూసే ఓపిక లేకపోతే మొదటి గంట చాలు, ఆయన ఎలా నిలబడతాడో, ఎలా గెంతుతాడో కళ్లకి అలవాటవ్వాలి. ఆ తర్వాత లిండర్‌ది. పాత సినిమా కాబట్టి ప్రింట్లన్నీ ఒకేలా ఉండవు, రెండు మూడు చూసి మొహాలు స్పష్టంగా కనిపించేది ఎంచుకోండి. వెనక పెట్టిన పియానో సీన్‌కి సంబంధం లేకుండా వాయిస్తున్నట్టుంటే మొహమాటం లేకుండా మ్యూట్ నొక్కేయండి. నేనైతే మ్యూట్‌లోనే చూశాను.