రిపోర్టు నార్మలే, ధ్యాసే నిలవడం లేదు

యాంకర్: ఆటలో తలకు దెబ్బ తగిలి, అంతా తగ్గిందనుకున్న చాలాకాలానికి కూడా పని మీద ధ్యాస కుదరడం లేదంటున్నారు కొందరు యువత. మీతోనే మొదలుపెడదామమ్మా.

మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారిణి: నాకు రెండుసార్లు తగిలిందండి. రెండుసార్లూ స్పృహ తప్పలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. ఇప్పుడు ఒక్కరితో మాట్లాడితే బాగానే ఉంటుంది. మీటింగ్‌లో వింటూ నోట్స్ రాసుకోవాలంటే మాత్రం సగం మాటలు జారిపోతాయి. స్కాన్ నార్మల్. దాంతో శ్రద్ధ లేదంటారు.

న్యూరాలజిస్ట్: సీటీ స్కాన్‌లో మేం చూసేది ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం. కంకషన్‌లో, అంటే దెబ్బకు మెదడు అదిరినప్పుడు, దెబ్బతినేది మెదడు కణాల పనితీరు. పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. సర్దుకోవడానికి గ్లూకోజ్ ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గొచ్చు. ఇవేవీ ఆ స్కాన్‌కు అందవు. ఇక స్పృహ అంటారా, చాలా కంకషన్లలో అది అసలు పోదు.

కోచ్: కానీ డాక్టర్ గారూ, మా పిల్లలు చాలామంది రెండు వారాల్లో మళ్లీ దిగి ఆడేస్తున్నారు. ఊరికే భయపెడుతున్నామేమో?

న్యూరాలజిస్ట్: ఎక్కువమంది కోలుకుంటారు, కాదనను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పరీక్ష పెడితే మార్కులు కూడా మామూలుగానే వస్తాయి. అదే మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పెట్టి, ఒకేలాంటి శబ్దాల మధ్య అరుదుగా వచ్చే శబ్దాన్ని పట్టుకోమంటాం. ధ్యాస పెట్టినప్పుడు దాదాపు 300 మిల్లీసెకన్లకు పీ300 అనే తరంగం వస్తుంది. ఎప్పుడో దెబ్బ తగిలిన కాలేజీ క్రీడాకారుల్లో అది చిన్నదిగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. వాళ్లకు బయటికి ఏ లక్షణమూ లేదు.

యాంకర్: అంటే తప్పంతా ఆ దెబ్బదేనా?

న్యూరాలజిస్ట్: అంత తేలిగ్గా చెప్పలేం. నిద్రలేమి, టెన్షన్, డిప్రెషన్ కూడా ధ్యాసను తినేస్తాయి. ముందునుంచే ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పటినుంచే ధ్యాస నిలవని సమస్య ఉందేమో కూడా చూడాలి. సీజన్ మొదట్లోనే, దెబ్బ తగలకముందే, బేస్‌లైన్ పరీక్ష చేసి పెట్టుకుంటే, తర్వాత పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

యాంకర్: క్రికెట్‌లో 2019 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్ ఉంది కదా. లార్డ్స్‌లో స్మిత్ స్థానంలో లబుషేన్ దిగాడు.

కోచ్: అక్కడ టీమ్ డాక్టర్ ఉంటాడండి. మా గ్రౌండ్‌లో డాక్టరూ నేనే, అంపైరూ నేనే. పిల్లవాడు 'బాగానే ఉన్నాను సార్' అంటే నమ్మాలి.

క్రీడాకారిణి: నేనూ అలాగే అన్నాను సార్. చోటు పోతుందని.

న్యూరాలజిస్ట్: అందుకే అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ఆపేయాలి. అలాగని చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టొద్దు. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, ఫోన్ తగ్గించి, తర్వాత నడక. అక్కణ్నుంచి మెట్టుమెట్టుగా మళ్లీ ఆటకు, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు...

కోచ్: మరి ఆ వారంలోనే ఫైనల్ ఉంటే...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

క్రీడాకారిణి: సార్, ఒక్క నిమిషం. ఇద్దరూ కలిసి మాట్లాడారు, నాకు ఏదీ అందలేదు. ఒకరి తర్వాత ఒకరు చెప్తారా?

కోచ్: అయ్యో, సారీ అమ్మా. డాక్టర్ గారూ, ముందు మీరే చెప్పండి.