ఉగాండాలో మూడు వారాలు, ఒక బోరింగు

తమ్ముడు: అందరికీ వందనాలు. పోయినసారే చెప్పాం కదా, మిషన్ టీమ్‌తో వెళ్ళిన అక్క ఉగాండా నుంచి వచ్చేసింది. అక్కడ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా రోజు ఎలా గడిచిందో ఇవాళ చెబుతుంది. చెప్పక్కా.

అక్క: మసాకా దగ్గర పల్లె. కంపాలా నుంచి వెళ్తుంటే దారిలో భూమధ్యరేఖ దాటతాం. తిండి అంటే మటోకె, పచ్చి అరటికాయలు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదుపుతారు. పైన వేరుశనగ పులుసు. లేదంటే పోషో, బీన్స్. పోషో అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా చేసిన ముద్ద. చపాతీ వీధి వీధికీ ఉంది, మనవాళ్ళతోనే వెళ్ళింది.

తమ్ముడు: పచ్చడి సీసా?

అక్క: ఆ సీసా సంగతి ఎత్తకు. నువ్వూ నేనూ మాట్లాడుకున్నాం కదా. (నవ్వు) ఒరే, బోరింగు సంగతి చెప్పనివ్వు.

తమ్ముడు: ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చేదాకా బోరింగే చెప్పావు.

అక్క: చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మన ఊరి స్కూలు ముందు ఉండేదే! అదే పొడుగు పిడి, అదే మూడు కాళ్ళ దిమ్మ. అది ఇండియా మార్క్ టూ. అక్కడ యూ టూ అంటారు. 1960ల్లో మన దేశంలో పోత ఇనుప పంపులు వేస్తే, అవి ఒక్క ఇంటి వాడకానికి చేసినవి, ఊరంతా కొట్టేసరికి విరిగిపోయేవి. మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ క్రైస్తవ మిషన్ల వాళ్ళు గట్టి పంపు తయారు చేశారు. దాన్నే మెరుగుపరిచి 1970ల్లో మార్క్ టూ చేశారు.

తమ్ముడు: మిషన్ పని అంటే అదే. మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర కూడా...

అక్క: మళ్ళీ ఒంగోలుకే వెళ్ళావా!

తమ్ముడు: వెళ్ళనీ. మీ టీమ్‌లో ఏదో గొడవైందని ఫోన్లో ఏడ్చావు. అది చెప్పు.

అక్క: (కాసేపు ఆగి) పంపు రెండు నెలలుగా పని చెయ్యట్లేదు. పిల్లలు ఇరవై లీటర్ల పసుపు క్యాన్లు పట్టుకుని చిత్తడి దగ్గరికి పోతున్నారు. అక్కడి మెకానిక్ వచ్చి పైన మూత విప్పాడు. లోపల గొలుసు ఎండిపోయి తుప్పు పట్టింది. పైపులు ఒక్కొక్కటే లాగారు, మూడేసి మీటర్లు, నలుగురు పట్టాలి. అడుగున సిలిండర్లో వాషరు అరిగి పెచ్చులు లేచింది. నా అరచేతిలో పెట్టాడు, చిన్న బిళ్ళంత. ఊరు ఊరంతా దానికోసం నడుస్తోంది. సామాను సాయంత్రానికల్లా వచ్చింది. అప్పుడు మా టీమ్‌లో ఒకాయన, ముందు ప్రార్థన కూటం పెట్టి, పేర్లు రాసుకుని, తర్వాతే నీళ్ళు వదలాలన్నాడు.

తమ్ముడు: ఆయన వైపు నుంచి కూడా చూడు అక్కా. ఇక్కడ చందాలు ఇచ్చినవాళ్ళకి ఏం చూపించాలి?

అక్క: నీళ్ళు చూపించాలి.

తమ్ముడు: అమ్మ వంటకి కూర్చున్నప్పుడల్లా గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టి గుడికిస్తుంది. ఆ గుప్పెడు ఎక్కడికి పోయిందో ఆవిడకి తెలియాలి కదా.

అక్క: అమ్మ ఏనాడైనా లెక్క అడిగిందా? దాహంతో క్యూలో నిలబడ్డ మనిషిని కూటంలో కూర్చోబెడితే, ఆమె దేవుడి కోసం వచ్చిందో నీళ్ళ కోసం వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఆమెకి తెలుస్తుందా?

తమ్ముడు: సరే, ఇక్కడ నీ పక్షమే. క్లౌ దొర చేసింది అదే. 1876 నుంచి 78 దాకా కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వస్తారేమో అని. కరువు సాయం ఆగాకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి.

అక్క: ఇది నువ్వు అప్పుడే ఫోన్లో చెప్పి ఉంటే ఆయనకి చెప్పేదాన్ని.

తమ్ముడు: ఏం చేశారు చివరికి?

అక్క: మేం వాదించుకుంటుండగా ఒక అమ్మాయి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ప్రాంతంలో పెద్దలకి, అతిథులకి ఆడవాళ్ళు అలాగే నమస్కరిస్తారు. "జెబలేకో" అంది. పని చేస్తున్నవాళ్ళు కనిపిస్తే అనే మాట అది, నీ కష్టానికి సంతోషం అన్నట్టు. మా చేతిలో అప్పుడు పని లేదురా, మాటలే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. మెకానిక్ మా వైపు చూడనే లేదు, పిడి ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు.

తమ్ముడు: ఆయన ఏమన్నాడు? మీ టీమ్ ఆయన.

అక్క: ఏమీ అనలేదు. కాసేపటికి వెళ్ళి ఒక ముసలావిడ క్యాన్ మోశాడు. అప్పటి నుంచి ఆయన మీద నాకు కోపం లేదు. నిద్ర, దోమతెర, బోదా బోదా అనే బైక్ టాక్సీల సంగతులు ఇంకా చెప్పలేదు కదా?

తమ్ముడు: టైమ్ లేదక్కా. ఫోన్లో రికార్డింగ్ ఉందన్నావు, అది వినిపించు.

అక్క: ఉండు... ఇదిగో.

(గొలుసు కీచుమంటున్న చప్పుడు)

తమ్ముడు: గ్రీజు వెయ్యలేదా?

అక్క: ఇది వెయ్యకముందుది. ఆగు, రెండోది ఇంకా ఉంది.