సామాను దగ్గర కూర్చున్నవాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకునే ధైర్యం మనిషికి ఎక్కడ దొరుకుతుంది? ఈ కొద్ది సమయంలో ఒక్క కథే చెబుతాను. బైబిలులో సమూయేలు మొదటి గ్రంథం, 30వ అధ్యాయంలో ఉంది. మీరు గుడికి వెళ్లేవారైనా, మసీదుకు వెళ్లేవారైనా వినండి. ఇది ఇల్లు పోయిన మనుషుల కథ.

దావీదు అప్పటికింకా రాజు కాలేదు. సౌలు రాజు చంపుతాడని పారిపోయి, ఫిలిష్తీయుల దేశంలో సిక్లగు అనే ఊళ్లో తలదాచుకున్నాడు. వెంట 600 మంది మగవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. ఒకసారి యుద్ధానికని బయల్దేరి, అక్కడ వద్దు పొమ్మంటే వెనక్కి మళ్లారు. మూడో రోజుకు చేరేసరికి ఊరు లేదు. అమాలేకీయులనే శత్రు జాతివాళ్లు తగలబెట్టారు. ఆడవాళ్లను, పిల్లలను పట్టుకుపోయారు. వాళ్లు ప్రాణాలతో ఉన్నారో లేదో తెలియదు. కళ్ల ముందున్నది బూడిద.

ఏడ్చారు. ఇక ఏడవడానికి ఓపిక లేనంతగా ఏడ్చారు. ఆ ఏడుపు కోపమైంది. దావీదును రాళ్లతో కొట్టి చంపుదాం అన్నారు. అతని ఇద్దరు భార్యలు కూడా ఆ చెరలోనే ఉన్నారు, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ ఒక మాట ఉంది. 'దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యము తెచ్చుకొనెను.'

ఈ మాట ఆరో వచనంలో ఉంది. పోయినవాళ్లు దొరికింది పద్దెనిమిదో వచనంలో. ధైర్యం ముందు వచ్చింది. బూడిదలో నిలబడి ఉండగానే వచ్చింది. నాకు ఈ అధ్యాయం మీద ఇంత ప్రేమ అందుకే.

ధైర్యం రాగానే కత్తి తీసుకుని పరిగెత్తలేదు. యాజకుడైన అబ్యాతారును పిలిపించి, దేవుణ్ణి అడిగాడు. నేను ఈ దండును తరిమితే అందుకుంటానా? గొల్యాతు అనే మహాకాయుణ్ణి కొట్టినవాడు అడిగాడు. తరుము, తప్పకుండా అందరినీ దక్కించుకుంటావని జవాబు వచ్చింది. అప్పుడు కదిలాడు.

నేను కర్నూలు మనిషిని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మేము పాతబస్తీలో ఉన్నాం. మా నాన్న దర్జీ. మూడు మిషన్లు, దీపావళికని జనం కుట్టడానికిచ్చిన గుడ్డలు, అన్నీ కింద గదిలో ఉన్నాయి. నీళ్లు తీశాక వచ్చి చూస్తే మోకాటి లోతు బురద. నాన్న గడప మీద కూర్చుని "అంతా పాయె" అన్నాడు. రెండు రోజులు అదే మాట. మిషన్లు పోయినందుకు కాదమ్మా, గుడ్డలిచ్చినోళ్లకు మొగమెట్ల చూపేది అని ఆయన బాధ. రాళ్లు తీసుకుని వస్తారేమోనన్నట్టు వీధి వైపు చూసేవాడు.

మా జేజి, అంటే నాన్నమ్మ, ఆమె బైబిలు కూడా తడిసిపోయింది. పేజీలు అతుక్కుపోయాయి. అయినా ఆమెకు ఈ అధ్యాయం నోటికి వచ్చు. మూడో రోజు సాయంత్రం నాన్న పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. చెప్పి, "దావీదు అడిగినాడు కదరా, నువ్వు ఎవరినన్నా అడిగినావా?" అంది.

మర్నాడు నాన్న లేచి వెళ్లాడు. మిషన్లు బాగుచేసే ఆయన్ను అడిగాడు. ఆయన విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె వేసి రెండింటిని నడిపించాడు. మూడోదాని చెక్క ఉబ్బిపోయింది, ఇనుము పనికిరాలేదు. గుడ్డలిచ్చినవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి, ఏం చేయమంటారని అడిగాడు. చాలామంది, మా ఇల్లే పోయింది, గుడ్డల మాట ఎందుకన్నా అన్నారు. కొందరు డబ్బు కట్టమన్నారు. నెలనెలా కట్టాడు.

దావీదుకు అన్నీ దక్కాయి. మాకు దక్కలేదు. ఇది చెప్పకుండా ఉండలేను. పోయినదంతా తిరిగి వస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. కానీ ఏది వస్తుందో, ఏది రాదో అడిగితేనే తెలిసింది. మీ ఇంట్లో ఈ రోజు ఏదైనా పోయి ఉంటే, పట్టా పుస్తకం కావచ్చు, సర్టిఫికెట్లు కావచ్చు, ఆగిపోయిన చదువు కావచ్చు, తెల్లారాక ఒక్కరి దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి. డూప్లికేట్ వస్తుందా? మళ్లీ పరీక్ష రాయొచ్చా? టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చుంటే ఆ జవాబు రాదు.

కథలో ఇంకొంచెం ఉంది. తరుముతూ బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి 200 మంది అలసిపోయి దాటలేకపోయారు. వాళ్లను సామాను దగ్గర ఉంచి 400 మంది ముందుకు వెళ్లారు. దారిలో ఒక ఐగుప్తీయుడు, అంటే ఈజిప్టు దేశస్థుడు, పడి ఉన్నాడు. జబ్బు చేసిందని యజమాని వదిలేసిన బానిస. మూడు రోజులుగా తిండి, నీళ్లు లేవు. వీళ్లు రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, అంజూరపు ముద్ద, ఎండు ద్రాక్ష ఇచ్చి లేపారు. శత్రువు దగ్గరికి దారి చూపింది అతనే. అందరూ దొరికారు, చిన్నా పెద్దా అందరూ.

తిరిగి వచ్చాక కొందరు పేచీ పెట్టారు. వాగు దాటనివాళ్లకు వాళ్ల పెళ్లాం బిడ్డలను ఇస్తే చాలు, కొల్లసొమ్ములో భాగం ఎందుకన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడి భాగమెంతో, సామాను దగ్గర ఉన్నవాడి భాగమూ అంతే అన్నాడు. ఇశ్రాయేలీయులకు అదే కట్టడ, అంటే నియమం, అయింది.

ఆ అక్టోబరు ఎండలో మా జేజి మిద్దె మీద కూర్చుని, ఆరేసిన గుడ్డలకు కాపలా కాసింది. కాకులను తోలేది, గాలికి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టేది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేదు. దీపావళి దాటాక నాన్న చేతికి మొదటి కుట్టు డబ్బు వచ్చింది. ఆయన తిన్నగా మిద్దె ఎక్కి, సగం లెక్కపెట్టి ఆమె ఒడిలో పెట్టాడు.

"నాకెందుకురా?" అంది జేజి.

"నువ్వు చెప్పిన లెక్కేనమ్మా," అన్నాడు నాన్న.