రియో ఆకు పొరలో ప్లాస్మాలిసిస్: ప్రాక్టికల్ చేసే పద్ధతి

నమస్కారం. కణత్వచం నీటిని పోనిచ్చి ఉప్పును ఆపుతుందని చదువుకున్నారు కదా, ఈరోజు దాన్ని మైక్రోస్కోపులో చూద్దాం. నీళ్లు బయటికి పోయి, కణం లోపలి భాగం గోడను వదిలి ముడుచుకోవడమే ప్లాస్మాలిసిస్. కావలసింది రియో ఆకు. పైన పచ్చగా, అడుగున ఊదారంగులో ఉంటుంది. దొరక్కపోతే ఎర్ర ఉల్లిపాయ రేకు వెలుపలి పొర తీసుకోండి.

ముందు ద్రావణం. 5 గ్రాముల ఉప్పును కొద్ది నీళ్లలో కరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేదాకా నీళ్లు పోయండి. 5 శాతం ద్రావణం సిద్ధం.

ఇప్పుడు ఆకును ఊదావైపు పైకి పెట్టి, ఏటవాలుగా ఒక్క లాగులో చింపండి. అంచున పల్చటి ఊదా పొర వేలాడుతుంది, అదే మనకు కావాలి. దాంట్లో పచ్చదనం కనిపిస్తే లోపలి కణజాలం కూడా వచ్చిందన్నమాట. కణాలు ఒకదానిమీద ఒకటి పడి ఏదీ స్పష్టంగా తెలియదు, మళ్లీ చింపండి. పొరను వెంటనే నీళ్లలో వేయండి, ఎండిపోతే కణాలు చనిపోతాయి.

స్లైడ్ మీద నీటిచుక్కలో పొర పరిచి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి సూదితో మెల్లగా దించండి. నల్లటి అంచుతో గుండ్రంగా కనిపించేవి గాలిబుడగలు, కణాలు కావు. 10 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో చూడండి. ఊదారంగు కణం నిండా, గోడదాకా ఉంది. ఆ రంగు రిక్తికలో (కణం లోపల రసంతో నిండిన సంచిలో) ఉండే వర్ణకం ఆంథోసయనిన్‌ది. రంగు బాగా ఉన్న ఒక కణాన్ని ఎంచుకుని దాన్నే చూస్తూ ఉండండి.

కవర్ స్లిప్ ఒక పక్క ఉప్పు ద్రావణం చుక్క వేసి, ఎదుటి పక్క ఫిల్టర్ పేపర్ ముక్క ఆనించండి. ద్రావణం లోపలికి లాగుతుంది. స్లిప్ ఎత్తొద్దు. ఉప్పునీళ్లు లెన్స్‌కు తగలనివ్వొద్దు, తగిలితే వెంటనే తుడవండి.

కొద్ది నిమిషాల్లో మూలల దగ్గర రంగు గోడను వదలడం మొదలవుతుంది. తర్వాత ముద్దలా మధ్యకు చేరుతుంది. గోడ మాత్రం అక్కడే నిలబడి ఉంది చూడండి. ఇక్కడ కాసేపు ఆగుదాం. గోడకూ ఆ ముద్దకూ మధ్య ఖాళీలో ఏముంది? వైవాలో తప్పకుండా అడగదగ్గ ప్రశ్న. చాలామంది గాలి అంటారు, కాదు. అక్కడున్నది మనం వేసిన ఉప్పు ద్రావణమే. కణకవచం, అంటే ఆ గోడ, నీటినీ ఉప్పునూ రెండింటినీ రానిస్తుంది. ఉప్పును ఆపింది దాని లోపలున్న త్వచం. మందం 7, 8 నానోమీటర్లే, కానీ దాని మధ్యభాగం కొవ్వు. ఆవేశమున్న సోడియం, క్లోరైడ్ అయాన్లు ఆ కొవ్వును దాటలేవు. నీటికి మాత్రం ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ దారులున్నాయి, వాటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో కెమిస్ట్రీ నోబెల్ దక్కింది.

ఇంకొకటి గమనించండి, ముద్ద రంగు ముందుకన్నా చిక్కబడింది. నీళ్లు బయటికి పోయాయి, రంగు పోలేదు. త్వచం దేన్ని పోనిచ్చిందో, దేన్ని ఆపిందో ఈ ఒక్క మార్పులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే పద్ధతిలో మంచినీళ్లు రెండు మూడుసార్లు ఎక్కించండి. రంగు మళ్లీ గోడదాకా విచ్చుకుంటుంది. విచ్చుకోకుండా బయటికి కారిపోతుంటే త్వచం దెబ్బతిన్నట్టే. ఉప్పు మరీ చిక్కగా కలిపినా, పొర అందులో ఎక్కువసేపు ఉన్నా ఇలా జరుగుతుంది.

చివరగా, ఇంకో పొరను మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి తీయండి. నీళ్లకు రంగు దిగుతుంది. ఈ పొరకు ఎంత ఉప్పు ద్రావణం ఎక్కించినా ప్లాస్మాలిసిస్ రాదు.