‘దేవుడి కోసమేగా కాలుస్తోంది!’: మోర్మన్ల సొంత సైన్యం కథ

1857 అక్టోబర్. ఇప్పటి వయోమింగ్‌లో, గ్రీన్ రివర్ దగ్గర. అర్ధరాత్రి కావస్తోంది. అమెరికా సైన్యానికి తిండీ సరుకులూ మోసుకెళ్తున్న బళ్లు ఆగి ఉన్నాయి. చీకట్లోంచి కొంతమంది గుర్రాల మీద వచ్చి చుట్టుముట్టారు. బళ్ల పెద్ద వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు: "దేవుడి కోసమైనా కాల్చకండయ్యా!" దానికి ఆ గుంపు నాయకుడు లాట్ స్మిత్ ఏమన్నాడో తెలుసా? "ఆ దేవుడి కోసమేగా కాలుస్తోంది!"

ఇది ఎవరో పుట్టించిన మాట కాదండీ, ఆయన జ్ఞాపకాల్లో ఆయనే చెప్పుకున్నది. అలా డెబ్బైకి పైగా బళ్లు బూడిదయ్యాయి. సైనికుడు మాత్రం ఒక్కడూ చావలేదు. ఎందుకంటే పైనుంచి ఆర్డర్ అలా ఉంది: పశువుల్ని బెదరగొట్టండి, గడ్డి తగలబెట్టండి, రాత్రిళ్లు కంటి మీద కునుకు లేకుండా చెయ్యండి, ప్రాణం మాత్రం తియ్యొద్దు.

ఈ సైన్యం పేరు నావూ లీజియన్. అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ మోర్మన్ల సొంత దళం. ఒక మతానికి సైన్యమేంటి అంటారా? 1838లో మిస్సోరీ గవర్నర్ వీళ్లని రాష్ట్రం నుంచి తరిమేయండి, లేదంటే తుడిచిపెట్టండి అని రాతపూర్వకంగానే ఆదేశమిచ్చాడు. మూడో రోజున హాన్స్ మిల్ అనే చిన్న ఊళ్లో 17 మందిని కాల్చి చంపారు. అందులో పదేళ్ల పిల్లాడూ ఉన్నాడు. అక్కణ్ణుంచి పారిపోయి ఇల్లినాయిలో నావూ అనే ఊరు కట్టుకున్నారు. అక్కడ రెండు పార్టీలకీ వీళ్ల ఓట్లు కావాలి. అడిగిందే తడవు సొంత కోర్టు, సొంత సైన్యం అన్నీ రాసిచ్చేశారు. మనకి కొత్తా చెప్పండి ఈ సీను! 1841లో లీజియన్ మొదలైంది. ఈ మతం స్థాపించిన ప్రవక్త జోసెఫ్ స్మిత్‌కి లెఫ్టినెంట్ జనరల్ హోదా. అమెరికాలో అప్పటిదాకా జార్జ్ వాషింగ్టన్‌కి తప్ప ఆ హోదా లేదు.

అన్ని వేలమంది ఉండీ ఆయన్ని కాపాడలేకపోయారు. 1844లో తనను విమర్శించిన పత్రిక ప్రెస్సుని పగలగొట్టించి, ఆ గొడవలోనే లొంగిపోయి, కార్తేజ్ జైల్లో అల్లరిమూక చేతిలో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ హక్కులన్నీ రద్దు. జనం, ఆయన తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ వెంట యూటాకి నడిచారు. అక్కడ లీజియన్ మళ్లీ లేచింది.

1857లో అమెరికా ప్రెసిడెంట్ బుకానన్ యూటాకి కొత్త గవర్నర్‌ని, తోడుగా సైన్యాన్నీ పంపాడు. మళ్లీ మిస్సోరీయే అనుకున్నారు వీళ్లు. ఆ భయం మామూలు భయం కాదు, నేను కాదనను. కానీ బళ్లు కాల్చడానికి నెల ముందే ఇంకొకటి జరిగింది.

ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న కుటుంబాలు దక్షిణ యూటాలో మౌంటెన్ మెడోస్ అనే పచ్చిక బయల్లో ఆగాయి. అక్కడి లీజియన్ వాళ్లు, కొందరు పాయూట్ గిరిజనుల్ని కూడగట్టుకుని, వాళ్లని ముట్టడించారు. బళ్లు గుండ్రంగా పెట్టుకుని అయిదు రోజులు తట్టుకున్నారు. నీళ్లు అందడం లేదు. సెప్టెంబర్ 11న లీజియన్ మేజర్ జాన్ లీ తెల్లజెండాతో వచ్చాడు. తుపాకులు ఇచ్చేయండి, క్షేమంగా దాటిస్తాం అన్నాడు. నమ్మారు. ఒక్కో మగాడి పక్కన ఒక్కో సాయుధుడు నడిచాడు, కాపలాకి అన్నట్టు. కొంతదూరం పోయాక ఒక్క కేక. అంతే! సుమారు 120 మంది. మిగిలింది 17 మంది పసిపిల్లలు.

ఏం చేయమంటారని అడగడానికి అప్పటికే ఒక మనిషి 400 కిలోమీటర్లు గుర్రం తోలుకుంటూ బ్రిగమ్ యంగ్ దగ్గరికి పోయాడు. వాళ్ల జోలికి పోవద్దన్న జవాబు 13న చేరింది. రెండు రోజులు ఆలస్యం. నేరమేమో పాయూట్‌ల మీదకి నెట్టారు.

లీజియన్ పేరు 1887లో చట్టంతో చెరిగిపోయింది. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అదే పచ్చిక బయల్లో జాన్ లీని తన శవపేటిక మీదే కూర్చోబెట్టి కాల్చారు. ఆ హత్యలకి శిక్ష పడింది అతనొక్కడికే.