దాచిన పాయింట్ కోర్టులో చెల్లదు: క్రీక్ పక్కన ఇళ్లు, సిటీ మీద అప్పీల్

నమస్తే అండీ. ఈ వారం కూడా ఒకాయన ఫోన్ చేసి అదే మాట అన్నారు. "మా ఇంటి వెనక క్రీక్, అదే వాగు, పక్కన ఇళ్లు కడతారట, ప్లానింగ్ కమిషన్ ఓకే చేసేసింది. మా దగ్గర ఒక గట్టి పాయింట్ ఉంది. ఇప్పుడే చెప్పం, కోర్టులో బయటపెడతాం."

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. క్లైమాక్స్‌లో లాయరు కోటు జేబులోంచి కాగితం తీస్తే జడ్జి నోరెళ్లబెట్టడం సినిమాలో బాగుంటుంది. కాలిఫోర్నియాలో సిటీ ఇచ్చిన పర్మిషన్ మీద కోర్టుకెళ్తే ఆ కాగితాన్ని దాదాపుగా ముట్టుకోరు.

మన కాలేజీ పరీక్షల రోజులు గుర్తుచేసుకోండి. మార్కులు తక్కువొచ్చాయి, రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టారు. అప్పుడేం చేస్తారు? మీరు రాసిన పేపరే మళ్లీ దిద్దుతారు. "సార్, ఆ ఆన్సర్ నాకు వచ్చు, కావాలనే రాయలేదు" అంటే మార్కులేస్తారా? కోర్టు అంటే ఆ రీవాల్యుయేషనే. మీరు, మీ చుట్టుపక్కలవాళ్లు, బిల్డరు, సిటీ స్టాఫ్ ఇచ్చిన లెటర్లు, రిపోర్టులు, మైక్ ముందు మాట్లాడిన మాటలు, అన్నీ కలిపి రికార్డు అంటారు. అదే మీ ఆన్సర్ షీట్.

మరి ప్లానింగ్ కమిషన్ నిర్ణయం మీద, కోర్టుకంటే ముందు, సిటీ కౌన్సిల్‌కి చేసే అప్పీల్ ఏంటి? అది బెటర్‌మెంట్. చాలా సిటీల్లో కౌన్సిల్ మొత్తం విషయాన్ని మొదటి నుంచి వింటుంది, కాబట్టి పరీక్ష మళ్లీ రాసే ఛాన్సు ఉన్నట్టే. ఆ ఛాన్సులో తెల్ల పేపరు ఇచ్చి, రీవాల్యుయేషన్‌లో చూసుకుందాం అంటున్నారు మనవాళ్లు!

ఇది ఊరికే చెప్తున్నది కాదు. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ సిటీలో ఆల్టమాంట్ క్రీక్ దగ్గర గరవెంటా హిల్స్ అని ఒక కొండ ఉంది. అక్కడ 44 ఇళ్లకి 2019లో సిటీ ఒప్పుకుంది. సేవ్ ది హిల్ అనే గ్రూపు కోర్టుకెళ్లింది. ఇలాంటి ప్రాజెక్టుకి సిటీ తయారుచేయించే పర్యావరణ రిపోర్టులో "అసలేమీ కట్టకపోతే ఏమవుతుంది" అనే భాగం తప్పకుండా ఉండాలి. అది సరిగ్గా రాయలేదని, అలాంటి భూమిని కొని కాపాడటానికి నిధులు ఉన్నాయన్న సంగతి చర్చించలేదని వాళ్ల వాదన. కింది కోర్టు ఏమందో తెలుసా? ఆ భాగం బలహీనంగానే ఉంది కానీ, మీరు సిటీ ముందు ఈ మాట ఎత్తలేదు కాబట్టి కేసు పోయింది, అంది. తర్వాత 2022లో అప్పీల్ కోర్టు రికార్డు తిరగేసి చూసింది. ఆ స్థలాన్ని కట్టకుండా వదిలేయమని, కాపాడమని హియరింగుల్లో జనం అడిగిన మాటలు అందులో ఉన్నాయి. అది చాలంది. సిటీ ఇచ్చిన అనుమతులు పక్కన పెట్టించింది.

అంటే అడిషనల్ షీట్‌లో ఎక్కడో రాసిన రెండు లైన్లు పాస్ చేయించాయన్నమాట. ఆ లైన్లు లేకపోతే కథ కింది కోర్టులోనే ముగిసేది.

ఇంకో తమాషా కూడా ఉంది. పర్యావరణ చట్టం కింద వేసే కేసులో ఆ పాయింట్ మీరే చెప్పి ఉండక్కర్లేదు, హియరింగ్ ముగిసేలోపు ఎవరు చెప్పినా లెక్కే. పక్కవాడి పేపర్లో ఉన్న ఆన్సర్‌కి మీకు మార్కులేసే పరీక్ష ప్రపంచంలో ఇదొక్కటేనేమో. కాకపోతే మీరూ హాల్లో కూర్చుని ఉండాలి, అంటే ఆ ప్రాజెక్టుకి అభ్యంతరం చెప్పినట్టు మీ పేరు కూడా రికార్డులో ఉండాలి.

సరే, ఏం రాయాలి? "ట్రాఫిక్ పెరుగుతుంది, వ్యూ పోతుంది, మా ఇళ్ల ధర పడిపోతుంది" అని రాసి 300 సంతకాలు పెట్టిస్తారు. ఆన్సర్ తెలియక పేపర్ మీద దేవుడి బొమ్మ గీసినట్టు ఉంటుంది. 1982 నుంచి ఉన్న హౌసింగ్ అకౌంటబిలిటీ అనే రాష్ట్ర చట్టం ప్రకారం, రూల్స్‌లో రాసి ఉన్న కొలతలకి సరిపోయే ఇళ్ల ప్రాజెక్టుని సిటీ ఊరికే కాదనలేదు. ఆరోగ్యానికో భద్రతకో ఫలానా హాని అని ఆధారంతో చూపించాలి. నాకు ఈ చట్టం మీద కోపం లేదు. మనం ఉంటున్న ఇళ్లు కూడా ఒకప్పుడు ఎవరి కళ్లో మండించినవే కదా.

క్రీక్ దగ్గర అసలు బలం కొలతల్లో ఉంటుంది. వేసవిలో చుక్క నీరుండదు, మన ఊరి వాగులాగే. అందుకని దాన్ని కాలువ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. మీ సిటీ కోడ్‌లో, అంటే సిటీ రూల్స్ పుస్తకంలో, క్రీక్ నుంచి ఎన్ని అడుగులు వదలాలో, ఆ కొలత ఎక్కడ మొదలవ్వాలో చూడండి. గట్టు పై అంచు నుంచి అని కోడ్‌లో ఉంటే, ప్లాన్‌లో క్రీక్ మధ్య నుంచి కొలిచారనుకోండి, మీకు ఒక్క సంతకం కూడా అక్కర్లేదు. ప్లాన్ షీట్ నంబరు, కోడ్ సెక్షన్ నంబరు పక్కపక్కన పెట్టి రాయండి. ఒడ్డు చెట్లు కొట్టేస్తున్నా, క్రీక్ అడుగు తవ్వుతున్నా రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖతో విడిగా ఒప్పందం కావాల్సి రావచ్చు. ఆ మాటా రాయండి. ఫోటోలు తేదీతో సహా పెట్టండి, వరదొచ్చినప్పటివి ఉంటే ఇంకా మంచిది.

అయ్యో, టైం అయిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

కౌన్సిల్‌కి అప్పీల్ గడువు సిటీని బట్టి మారుతుంది, చాలాచోట్ల రెండు వారాలకి అటూఇటూ. ఫీజు కూడా అంతే, కొన్నిచోట్ల వేలల్లో ఉంటుంది, చూసి గుండె పట్టుకోకండి, నలుగురూ పంచుకోండి. 2019లో వచ్చిన ఎస్‌బీ 330 అనే రాష్ట్ర చట్టం వల్ల రూల్స్‌కి సరిపోయే ఇళ్ల ప్రాజెక్టుకి అప్పీల్‌తో కలిపి ఐదు హియరింగులే, కాబట్టి వాయిదాలతో సాగదీసే ప్లాన్ వేయకండి. కోర్టుకి వెళ్లాలంటే, పర్యావరణ రిపోర్టు మీదైతే సిటీ నోటీసు పెట్టిన రోజు నుంచి 30 రోజులే. అసలు రిపోర్టే అక్కర్లేదని మినహాయింపు నోటీసు పెడితే 35. పర్మిట్ మీద మామూలు కేసుకి 90 రోజులు, ఆ 90లోనే సిటీకి కాగితాలు అందాలి కూడా. ఇక 2025లో వచ్చిన ఏబీ 130 అనే ఇంకో రాష్ట్ర చట్టం తర్వాత, ఊరి మధ్యలో 20 ఎకరాల లోపు చాలా ఇళ్ల ప్రాజెక్టులకి పర్యావరణ రిపోర్టే అక్కర్లేదు. చిత్తడి నేల లాంటివి ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి మీ ప్రాజెక్టు అందులోకి వస్తుందో లేదో ముందు అదే చూడండి, తర్వాతే లాయరుకి ఫోన్.

ఆఖరుగా ఒకటి. సిటీ క్లర్క్ ఆఫీసు పనివేళలు ఈరోజే చూసుకోండి. కొన్ని సిటీల్లో శుక్రవారం తలుపే తియ్యరు. గడువు శుక్రవారం పడిందంటే, బుధవారమే వెళ్లి ఇచ్చేసి స్టాంపు వేయించుకోండి.