మందారం బోన్సాయ్‌కి ఏ మొక్క మంచిది? మూడు రకాల రివ్యూ

నమస్కారమండి. కడియం, కడియపులంక నర్సరీల వైపు వెళ్తే మందారాల్లో ఈ మూడూ కనిపిస్తాయి: అరచెయ్యంత పువ్వుతో హైబ్రిడ్ అంటు మొక్క, తెల్ల చారల ఆకుల రకం, మన దొడ్లో ఉండే నాటు ఎర్ర రెక్క మందారం. బోన్సాయ్‌కి, అంటే లోతు తక్కువ ట్రేలో కత్తిరిస్తూ చిన్న చెట్టుగా పెంచడానికి, వీటిలో ఏది పనికొస్తుందో చూద్దాం.

ముందు హైబ్రిడ్. ట్రేలోకి మార్చి కత్తిరిస్తూ ఉంటే ఆకు కొంత చిన్నదవుతుంది, పువ్వు మాత్రం తగ్గదు. అడుగు ఎత్తు చెట్టుకి ఆరంగుళాల పువ్వు పూస్తే చెట్టు కనపడదు, కొమ్మ వాలిపోతుంది. మొక్క మొదలు దగ్గర అంటు కట్టిన చోట ముడి చూడండి, ఏళ్లు గడిచినా అది కళ్లకు తగులుతూనే ఉంటుంది. కుండీలో పువ్వుల కోసం కొనుక్కోండి, బోన్సాయ్‌కి వద్దు.

చారల రకానికి ఆకు సన్నం, పువ్వు చిన్నది. అందం బాగానే కుదురుతుంది. కాకపోతే పెరుగుదల నెమ్మది. మధ్యలో పూర్తి పచ్చని కొమ్మ వస్తే మొదలంటా తీసెయ్యాలి, లేకపోతే బలమంతా అదే లాగేస్తుంది.

మా ఓటు నాటు మందారానికే. ఎంత కత్తిరించినా చిగురేస్తుంది, వేరు గట్టిది. అసలు కొననక్కర్లేదు కూడా. పాత ఇళ్ల దొడ్లో పెద్ద మందారం ఉంటే, జూన్, జూలైల్లో బొటనవేలు లావు కొమ్మకి గూటీ అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు తెప్పించే పద్ధతి) కట్టండి. అంగుళమున్నర మేర బెరడు చుట్టూ తీసి, లోపలి జిగురు పొర కూడా గీకెయ్యాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోయి వేరు రాదు. తడిపి పిండిన కొబ్బరి పొట్టు పెట్టి పాలిథిన్ చుట్టి కడితే నెల, నెలన్నరలో వేళ్లు కనిపిస్తాయి. సన్నటి మొక్కని లావు చేయడానికి పట్టే రెండు మూడేళ్లు మీకు మిగులుతాయి.

ఇక మట్టి. ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. మన డెల్టా ఒండ్రు మట్టి పొలంలో బంగారం, ట్రేలో మాత్రం గడ్డకట్టి నీరు పట్టేసి వేరు కుళ్లిస్తుంది. రెండు వంతులు ఇటుక ముక్కలు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల సైజువి, దుమ్ము జల్లించేసి వాడండి. ఒక వంతు గోదావరి ముతక ఇసుక, ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు వర్మీకంపోస్టు. నర్సరీ మొక్క బంకమట్టి ముద్దతో వస్తే ఆ ముద్ద నీటిలో నానబెట్టి మెల్లగా వదిలించాలి. అలాగే పాతితే బయట తడిగా, లోపల పొడిగా ఉండి మొక్క వాడిపోతుంది. వేళ్లు మూడో వంతుకి మించి కొయ్యొద్దు. మందారానికి దాహం ఎక్కువ, అందుకే ట్రే లోతు మూడంగుళాలకి తగ్గనివ్వకండి. మార్చాక రెండు వారాలు నీడ, నెల దాకా ఎరువు లేదు.

ఆకారం కోసం ముదురు కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది. లేత కొమ్మకే అల్యూమినియం తీగ చుట్టండి, మూడు వారాలకోసారి చూడండి, బెరడులోకి దిగితే ఆ మచ్చ పోదు.

ఎక్కువమంది అడిగేది మొగ్గ రాలడం గురించి. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే రాలుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. పిండినల్లి (తెల్ల పిండిలా పట్టే పురుగు) పట్టినా మొగ్గ రాలుతుంది. దానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట, ఆకు అడుగున తడిసేలా కొట్టండి. చీమలు ఎక్కుతున్నాయంటే పిండినల్లి వచ్చిందో, రాబోతోందో అనుకోండి. ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీటితో ఇది మామూలే. వాననీరు పట్టి పొయ్యండి, చీలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా పీల్చుకునే ఇనుము) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఇవ్వండి.

పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది. అందుకని చిగుళ్లు అదేపనిగా గిల్లుతుంటే పువ్వే చూడరు. ఆకారానికి ఒకసారి కత్తిరించి, రెండు మూడు నెలలు వదిలెయ్యండి.

వేసవిలో డాబా మీద ట్రే కాలిపోతుంది కాబట్టి చుట్టూ తడి గోనెసంచి, రెండుపూటలా నీళ్లు. అక్టోబరు, నవంబరు తుపాన్లప్పుడు చెట్టుని ట్రేకి తాడేసి కట్టి, కిందకి దింపి గోడ వారన పెట్టండి. ఈదురుగాలికి మొదలు కదిలితే కొత్త వేళ్లు తెగిపోతాయి.